నాన్న జీతంలో అమ్మ వాటా

మొన్న నవంబరులో బ్యాంకు తరఫున ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నాన్న పోయాక అమ్మకి వస్తున్న మిలట్రీ పెన్షను ఆగకుండా ఉండాలంటే, అమ్మ బతికే ఉందని ఏటా ఒకసారి రుజువు చూపించాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రాజమండ్రిలో మేముండే మేడ మెట్లు దిగి బ్యాంకుదాకా రాలేదని నేను ఫోను చేస్తే మనిషినే పంపించారు. ఆ అమ్మాయి అమ్మని కిటికీ పక్కన వెలుతురు పడేట్టు కూర్చోబెట్టి, మొహానికి ఎదురుగా ఫోను పట్టుకుని, "ఒక్కసారి కళ్ళు మూసి తెరవండి మామ్మగారూ" అంది. అమ్మ మూసి తెరిచింది. "అయిపోయిందండి" అని ఆ అమ్మాయి ఫోను సంచిలో పెట్టేసుకుంది. అమ్మ నమ్మలేదు. "అంతేనా? ఇంకెవర్నీ కలవక్కర్లేదా?" అని నావైపు చూసింది. కాఫీ తాగుతూ ఆ అమ్మాయి మాటవరసకి అంది, "తాతగారు మిలట్రీ కదండీ, ఆయనతోపాటు మీరూ చాలా ఊళ్ళు తిరిగుంటారు." అమ్మ నవ్వి, "ఆయన తిరిగారమ్మా. మేం ఇక్కడే ఉన్నాం" అంది.

అమ్మ ఆ మాట మామూలుగానే అంది. కానీ ఆ అమ్మాయి వెళ్ళిపోయాక నేను కాఫీ గ్లాసులు చేత్తో పట్టుకుని వంటింట్లో చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఇక్కడే ఉన్న ఆ మనుషుల్లో అమ్మతోపాటు నేనున్నాను. మా ఇద్దరికంటే ముఖ్యంగా మామ్మ ఉంది. మామ్మ అంటే మా నాన్న తల్లి, సుబ్బాయమ్మ. అమ్మకి ఈరోజు ఈ పెన్షను వస్తోందంటే దాని వెనక ఆవిడ చేసిన ఒక పని ఉంది.

మా ఊరు సామర్లకోటకి దగ్గర. చెరుకు ఆడే రోజుల్లో గాలి అటునుంచి వీస్తే ఫ్యాక్టరీ వాసన మా పెరట్లోకి వచ్చేది, పులిసిన బెల్లం పానకంలాంటి వాసన. దానికి మా ఇంటి పిడకల పొగా, మామ్మ పొడుం ఘాటూ తోడయ్యేవి. మామ్మ చీకటితోనే లేచి గేదెకి కుడితి పెట్టి, పాలు పితికి, వాకిలి చిమ్మి కల్లాపి జల్లేది. ఎండ అరుగు మీదికి వచ్చే వేళకి చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ తినేది. ఆ తరవాత బొడ్లో దోపుకున్న చిన్న రేకు డబ్బాలోంచి చిటికెడు పొడుం తీసి పీల్చి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు మాటలు మొదలుపెట్టేది. ముఖ్యమైన మాటయితే రెండుసార్లు పీల్చేది. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. మాకున్న ఎకరం చేను కౌలుకిచ్చేశాం. దాని మీద వచ్చేది ఏడాది తిండిగింజలకే చాలేది కాదు. ఇల్లు నడిచిందంతా నాన్న జీతం మీదే.

నాన్న పేరు వీర్రాజు. ఊళ్ళో అందరికీ మిలట్రీ వీర్రాజు. ఏడాదికోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. సామర్లకోట స్టేషన్లో దిగి, నల్ల ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని వచ్చేవాడు. ఆ పెట్టె మూత తీస్తే బూటు పాలిష్, కలరా ఉండలు, ఉన్ని కంబళి కలిసిన ఒక వాసన గుప్పుమనేది. పైన క్యాంటీను సబ్బులు, అమ్మకో చీర, నాకో గౌను. అడుగున గుడ్డలు చుట్టిన రమ్ము సీసాలు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో పెద్దమనుషులందరికీ మా అరుగు మీద కూర్చోవాలని బుద్ధిపుట్టేది. సెలవులో కూడా నాన్న తెల్లారగట్టే లేచి తన పక్క తనే మడతపెట్టుకుని, గూట్లో అద్దం నిలబెట్టి గడ్డం గీసుకునేవాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని కాలవగట్టు మీద నడిచేవాడు. ఆయన మంచివాడు కాడనుకోవడానికి అప్పటికి నాకు ఏ కారణమూ లేదు.

నెల మొదట్లో పోస్టుమేన్ వాకిట్లో సైకిలు ఆపి "సుబ్బాయమ్మగారూ, మనియార్డరండి" అని కేకేసేవాడు. డబ్బు మామ్మ పేరున వచ్చేది, అమ్మ పేరున కాదు. మామ్మ వేలిముద్ర వేసి తీసుకునేది. అమ్మ గుమ్మం లోపల నిలబడి చూసేది. తనకి రవికగుడ్డ కావాలన్నా, నాకు నోటుపుస్తకం కావాలన్నా అమ్మ మామ్మని అడగాలి. మామ్మ ఎన్నడూ లేదనలేదు. కానీ అడగాల్సి వచ్చేది. చుట్టుపక్కల ఇళ్ళన్నీ అలాగే ఉండేవి కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా మనియార్డరు ఆలస్యం కావడం మొదలైంది. తరవాత తగ్గింది. ఆ ఏడు సెలవు దొరకలేదని ఉత్తరం వచ్చింది గానీ నాన్న రాలేదు. మరికొన్నాళ్ళకి ఉత్తరమూ లేదు, డబ్బూ లేదు. మా ఇంటి ముందుకొచ్చేసరికి పోస్టుమేన్ తల అటు తిప్పుకుని సైకిలు జోరుగా తొక్కుకుంటూ వెళ్ళిపోవడం నాకు బాగా గుర్తు. మామ్మ అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చేసేది.

పక్క ఊరి సూర్యారావుగారు నాన్న పనిచేసే చోటే హవల్దారు. ఆయన సెలవు మీద వచ్చి ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. మామ్మ మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కింద కూర్చుంది. ఆయన చెంబు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

"పిన్నిగారూ, చెప్పకపోతే తప్పవుద్దని చెప్తున్నానండి. మనవాడు బయట ఇల్లు తీసుకున్నాడు. అక్కడ ఒకావిడ ఉంటోందండి."

"ఉంటోంది అంటే?"

"ఉంటోందండి" అన్నాడు ఆయన, తల వంచుకుని.

వంటింటి వైపు రుబ్బురోలు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. మామ్మ ఆ చప్పుడు ఆగడమూ విన్నది, మొదలవడమూ విన్నది. కోడలికి విడిగా చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అమ్మ రుబ్బిన పిండి గిన్నెలోకి తీసి, రోలు కడిగి, దీపం పెట్టి, నాకు అన్నం పెట్టింది. 

ఆ తరవాత వారాల్లో ఇల్లు కొంచెం కొంచెంగా చిక్కింది. గేదెని అమ్మేశాం. మామ్మ పొద్దున్నే లేచి, అలవాటు చొప్పున కుడితి బకెట్టు పట్టుకుని ఖాళీ పాకలోకి వెళ్ళి, తిరిగొచ్చేది. అమ్మ అన్నయ్య, అంటే మా పెద్దమావయ్య, పెనుగొండ నుంచి వచ్చాడు. చెల్లెల్నీ నన్నూ తీసుకుపోతానన్నాడు. అమ్మ బట్టలు సర్దుకోవడానికి లేచింది కూడా.

"పంపను బాబూ" అంది మామ్మ.

"ఇక్కడుంచి ఏం పెడతారండి అత్తయ్యగారూ? మీకే జరగట్లేదు కదా" అన్నాడు మావయ్య, నెమ్మదిగానే.

"ఏం పెట్టాలో కనుక్కుంటాను. ఓ నెల్లాళ్ళు గడువియ్యి."

మర్నాడు మామ్మ పొలాల గట్ల మీదుగా పక్క ఊరు నడిచి వెళ్ళింది. నన్ను తోడు తీసుకెళ్ళింది. సూర్యారావుగారు ఇంకా సెలవులోనే ఉన్నాడు. మామ్మ ముందుగా అడిగిందొక్కటే. కొడుకు పెళ్ళాం బిడ్డల్ని వదిలేస్తే సర్కారు ఊరుకుంటుందా అని. ఊరుకోదన్నాడు ఆయన. భార్య అర్జీ పెట్టుకుంటే అధికారులు నోటీసిచ్చి సంజాయిషీ అడుగుతారనీ, నిజమని తేలితే జీతంలో కొంత కోసి నేరుగా భార్యకి పంపుతారనీ చెప్పాడు. "ఆడు మానేద్దామన్నా మానడానికి కుదరదండి" అన్నాడు. 

"ఊళ్ళోవాళ్ళు ఉద్యోగం ఊడిపోద్దంటన్నారు."

"ఊడదండి. దీనికి ఉద్యోగం తియ్యరు."

మామ్మ పొడుం డబ్బా తీసి ఒకసారి పీల్చింది. కాసేపు ఆగి మళ్ళీ పీల్చింది.

"ఆడికి చెడ్డపేరు రాదా?"

"అది మటుకు వస్తుందండి" అన్నాడాయన. అబద్ధం చెప్పి ఊరడించలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం.

కాకినాడలో సైనికుల కుటుంబాల మంచిచెడ్డలు చూసే ఆఫీసు ఉంది. ముగ్గురం బస్సులో వెళ్ళాం. మామ్మ ఉతికి గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుంది. అమ్మ దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. ఆ ఆఫీసులో అధికారి రిటైరయిన కెప్టెను, తెల్లటి మీసాలు, గట్టి గొంతు. మమ్మల్ని చూడగానే కుర్చీలు వేయించి, "ఏంటమ్మా, చెప్పండి" అన్నారు. మామ్మే మొదలుపెట్టి జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పింది. ఆయన వింటూ మధ్యలో అడిగారు, "మీరు అమ్మాయి తల్లిగారా?"

"కాదండి. అబ్బాయి తల్లినండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ అబ్బాయి మీద మీరే వచ్చారా?"

"మా కోడలికి మాట తొందరగా రాదండి. అందుకని నేనొచ్చాను."

"మీకూ ఆ జీతమేనా ఆధారం?"

"అదేనండి."

"అయితే ఒక మాట వినండమ్మా. ఇది భార్యకీ పిల్లలకీ మాత్రమే ఇస్తారు. తల్లికి ఇందులో రాదు. ఇన్నాళ్ళూ డబ్బు మీ పేరున వచ్చిందంటున్నారు. ఇది మంజూరైతే మీ కోడలి పేరునే వస్తుంది. ఆలోచించుకున్నారా?"

"ఇందులో ఆలోచించడానికేవుందండి. ఆ అమ్మాయి ఏం పెడితే అది తింటాను."

అమ్మ తలెత్తి మామ్మని చూసింది. అత్తగారిని అలా సూటిగా చూడడం నేను అదే మొదటిసారి చూశాను. కెప్టెనుగారు అమ్మ వైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అన్నారు.

"అత్తయ్యగారు చెప్పిందేనండి."

"అలా కుదరదమ్మా. అర్జీ మీది. మీ నోటితో మీరు చెప్పాలి."

అమ్మ చీరచెంగు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. చివరికి అంది, "నాకూ నా పిల్లకీ అన్నం కావాలండి. ఆయన మీద నాకు కోపం ఏం లేదండి." మళ్ళీ కాస్త ఆగి, "ఉందండి. కానీ అది ఇందులో రాయక్కర్లేదండి" అంది.

కెప్టెనుగారు నవ్వలేదు. "రాయనమ్మా" అన్నారు. గుమాస్తాని పిలిచి అర్జీ రాయించారు. అమ్మ సంతకం పెట్టింది. సాక్షిగా మామ్మ వేలిముద్ర వేసింది. తిరుగు బస్సులో మామ్మ అమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. సామర్లకోట వచ్చేదాకా అమ్మ భుజం కదపకుండా కూర్చుంది.

నాన్న ఎండాకాలంలో వచ్చాడు. ట్రంకుపెట్టె లేదు, చేతిలో చిన్న సంచి. ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ కలుపుతున్నారు. నట్టింట్లో చాప మీద మామిడికాయ ముక్కలు, ఇల్లంతా ఆవపిండి ఘాటు. అమ్మ చేతులు మోచేతులదాకా నూనే కారమూ. నాన్న గుమ్మంలో చెప్పులు విడిచి, నన్ను చూసి, "ఏ క్లాసే బుజ్జీ?" అన్నాడు. "ఆరు" అన్నాను. "ఐదనుకున్నా" అన్నాడు. తరవాత కాళ్ళు కడుక్కుని మామ్మ పక్కన కూర్చున్నాడు.

మామ్మ ముందు భోజనం పెట్టింది. ఆయనకి ఇష్టమని అప్పటికప్పుడు పెరట్లో బచ్చలి కోయించి కందాబచ్చలి వండించింది. ఆయన తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి జేబులోంచి ఒక కాగితం తీశాడు. మాలో మేం సర్దుకున్నాం, అర్జీ వెనక్కి తీసుకుంటున్నాం అని దాంట్లో రాసి ఉంది.

"అమ్మా, ఆఫీసరు ముందు తలెత్తుకోలేకపోతన్నాను. ఇది సంతకం పెట్టించు. ఎప్పట్లాగే నెలనెలా నీకు పంపిస్తాను" అన్నాడు.

"నాకు పంపుతావు. దానికో?"

"నువ్వు చూసుకుంటావు కదా."

"నేనుంటే చూసుకుంటాను. నేను పోయాకో?"

నాన్న చేతిలో కాగితం మడత సరిచేసుకున్నాడు.

"నేను పోయిన్నాడు నువ్వు పంపడం మానేస్తావురా అబ్బాయ్. ఇదైతే నేను పోయినా ఆగదు" అంది మామ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. పిల్లాడికి లెక్క విడమరిచి చెప్పినట్టు చెప్పింది.

నాన్న కాగితం పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చాడు. "నువ్వన్నా పెట్టు" అన్నాడు.

"పెట్టనండి" అంది అమ్మ, ముక్కలు కలుపుతూనే.

"ముందు చేతులు కడుక్కుని రా."

"కడుక్కున్నా పెట్టనండి."

ఆయన సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు.

తరవాత ఊళ్ళోకి విచారణకి ఎవరో వచ్చి ఇరుగుపొరుగుల్ని అడిగి వెళ్ళారు. మావయ్యకిచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆయన మధ్యలో రెండు బస్తాల బియ్యం పంపి ఊరుకున్నాడు. వానలు పడి, నాట్లు అయిపోయాక ఒకరోజు పోస్టుమేన్ మా వాకిట్లో సైకిలు దిగి, "సత్యవతిగారూ" అని పిలిచాడు. అది అమ్మ పేరని నాకు తెలుసు గానీ, వీధిలోంచి ఎవరైనా అలా పిలవగా వినలేదు. అమ్మ డబ్బు తీసుకుని తిన్నగా తెచ్చి మామ్మ చేతిలో పెట్టింది. మామ్మ మళ్ళీ అమ్మ చేతిలోనే పెట్టేసింది. "నీ పేరున వచ్చింది. నీ దగ్గరే ఉంచుకో" అంది. ఓ వారం తరవాత మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పొడుం అయిపోయింది, ఓ రూపాయి ఇస్తావా?" అని అడిగింది. అమ్మ డబ్బులన్నీ తీసి ఆవిడ ముందు పెట్టేసింది. మామ్మ అందులోంచి రూపాయే తీసుకుంది. బతికినన్నాళ్ళూ అలాగే అడిగి తీసుకుంది.

అది పెద్ద మొత్తం కాదు. కానీ నెల తప్పలేదు. తుఫానుకి కరెంటు స్తంభాలు పడిపోయిన నెలలో కూడా ఆలస్యమైందే గానీ ఆగలేదు. మళ్ళీ గేదె వచ్చింది, తరవాత ఇంకోటి వచ్చింది. అమ్మ పాలకేంద్రానికి పాలు పోయడం మొదలుపెట్టింది. మామ్మకి అన్నవరం మొక్కుంటే ముగ్గురం కొండెక్కాం. వ్రతం పీటల మీద దంపతులు కూర్చుంటారు కాబట్టి మేం దర్శనం చేసుకుని, విస్తరాకులో కట్టిన ప్రసాదం కొనుక్కుని దిగి వచ్చేశాం. మెట్ల మీద కూర్చుని తిన్న ఆ వేడి ప్రసాదం రుచి ఇప్పటికీ నా నాలిక మీదుంది.

నేను ఇంటర్ చదువుతుండగా మామ్మ పోయింది. నాన్న వచ్చి కర్మ చేశాడు. పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంట్లోనే, చుట్టం ఉన్నట్టు ఉన్నాడు. అమ్మ ఆయనకి వేళకి అన్నం పెట్టింది. వెళ్ళేరోజు చెప్పులేసుకుంటూ, "అలవెన్సు సరిగ్గా వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోందండి."

"ఈమధ్య జీతాలు పెరిగాయి. పెంచమని అర్జీ పెట్టుకో. నేను కాదనను" అన్నాడు.

అమ్మ పెట్టింది. ఆయన అన్నట్టే కాదనలేదు, పెరిగింది. దాన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన రిటైరయ్యాక జీతమూ లేదు, అలవెన్సూ లేదు. అప్పటికి పాలడబ్బుల మీద ఇల్లు గడిచేది, నేను బీఎడ్‌లో చేరాను. చివరిదాకా ఆయన మా దగ్గరికి రాలేదు. అక్కడ ఆయనతో ఉన్నావిడ ఆయనకన్నా ముందే పోయిందట. ఆయన పోయాక రికార్డుల్లో భార్యగా అమ్మ పేరే ఉంది కాబట్టి పెన్షను అమ్మకొచ్చింది.

ఇప్పుడు మా బడికి పిల్లల్ని దింపడానికొచ్చే మిలట్రీవాళ్ళ భార్యల్ని చూస్తుంటాను. జీతం పడగానే ఫోను మోగుతుంది, చదువుకున్నారు, కార్డు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. అయినా ఎప్పుడైనా ఒకావిడ సాయంత్రం పిల్లలంతా వెళ్ళేదాకా ఆగి, "టీచరుగారూ, మీతో ఒక మాట" అంటుంది. నేను కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఏ ఆఫీసుకి వెళ్ళాలో చెప్తాను. కానీ తోడెవరొస్తారమ్మా అని అడిగితే చాలామంది ఒక్కదాన్నే వెళ్తానంటారు. అత్తగారు వస్తుందని ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.

మామ్మ గురించి తలుచుకున్నప్పుడు మా చుట్టాలంతా గట్టి గుండె మనిషి అంటారు. కొడుకని కూడా చూడలేదంటారు. నేను తల ఊపుతాను గానీ, వాళ్ళెవరూ చూడనిది ఒకటి నేను చూశాను. ఆ ఎండాకాలం సాయంత్రం నాన్న సంతకం లేని కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరినప్పుడు, మామ్మ కొత్తావకాయ సీసాలోకి తీసి, మూతికి గుడ్డ కట్టి, నా చెయ్యి పట్టుకుని ఆయన వెనకే రోడ్డు దాకా వచ్చింది. ముగ్గురం బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది. మామ్మ సీసా ఆయన సంచిలో పెట్టి, "నిలబెట్టి ఉంచు, నూనె కారుద్ది" అంది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా మామ్మ కదల్లేదు. తరవాత నా వైపు చూడకుండానే, "చిక్కిపోయాడు కదే" అంది.

"అవును మామ్మా" అన్నాను.

"బాగా చిక్కిపోయాడు" అంది మళ్ళీ, ఇంటివైపు నడుస్తూ.